దిబ్బ మీద దొరికిన బిడ్డ

దయ్యాల గురించి ఆలోచించే తీరిక నాకు ఎప్పుడూ లేదు. మూడో తరగతితో బడి మాని వేరుశనగ చేలో కలుపు తీయడానికి పోయినదాన్ని. అడవి పందులు రాకుండా చేనుకు ఒంటరిగా కాపలా పడుకున్నాను. పందులే వచ్చాయి, ఇంకేమీ రాలేదు. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, నిద్ర చాలలేదేమో, పోయి పడుకోండి అంటాను. అందుకే ఈ సంగతి రాయడం నాకే చిన్నతనంగా ఉంది.

మాది నల్లమాడ దగ్గర పల్లె. కోడలు లక్ష్మి కాన్పుకని టౌన్‌లో ఉన్న కొడుకు ఇంటికి వచ్చాను. ఆడపిల్ల. నెలలు నిండకముందే పుట్టింది. పాలు పట్టుకొని తాగేది కాదు, ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. బరువు పెరగకపోతే మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాలని డాక్టరు చెప్పారు. లక్ష్మి రాత్రంతా బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. రోజూ కాళ్ళ మీద వేసుకొని నీళ్ళు పోసేది నేనే. ఆ ఒంటి మీద నాకు తెలియని చోటు లేదు.

ఒక సాయంత్రం ఇంట్లో ఉక్కకు తాళలేక, బిడ్డను తీసుకొని కొత్త పార్కుకు పోయాము. ఒకప్పుడు ఊరి చెత్తంతా పోసిన దిబ్బ అది. మట్టి కప్పి, గుట్టల్లా మలిచి, గడ్డి పెంచారు. పాత టైర్లతో ఎద్దును, ఇనుప ముక్కలతో నెమలిని, సిమెంటుతో మనిషెత్తు వేరుశనగ కాయను చేసి నిలబెట్టారు. అక్కడక్కడా నేలలోంచి గొట్టాలు పైకి వచ్చి ఉన్నాయి. కింద కుళ్ళిన చెత్తలోని గాలి బయటికి పోవడానికట. ట్యాంకరుతో గడ్డికి నీళ్ళు పడుతున్నారు. చూసి నాకు ఒళ్ళు మండింది.

"మనకు వారానికోసారి కొళాయి. ఈ గడ్డి పెట్టి పుట్టినాదే" అన్నాను.

"పార్కుకొచ్చినా నీకు నీళ్ళ గోలే అత్తా. కూర్చో, బాటిల్లో నీళ్ళు పట్టుకొస్తా" అని లక్ష్మి నవ్వుతూ గేటు దగ్గరికి పోయింది.

సిమెంటు కాయ పక్కన బెంచీ మీద, బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. వెలిసిపోయిన పచ్చ చీర కట్టుకున్న ఒక ఆమె వచ్చి పక్కన కూర్చుంది. పార్కులో పనిచేసే మనిషి అనుకున్నాను.

"ముద్దుగా ఉండాది. ఎవురి బిడ్డమ్మా?" అంది.

మా వైపు బిడ్డను ఎవరైనా మెచ్చుకుంటే, దిష్టి తగలకుండా తీసిపారేసినట్టు మాట్లాడతాం. తవుడుకు కొన్నామంటాం, దిబ్బ మీద దొరికిందంటాం. అలవాటుగా నా నోట అదే వచ్చింది.

"ఎవురి బిడ్డా? దిబ్బ మీద దొరికినాది."

ఎక్కడ కూర్చొని ఆ మాట అన్నానో నాకు తట్టలేదు.

ఈ మాటకు ఎవరైనా నవ్వుతారు. ఆమె నవ్వలేదు. "అట్లనా. యాడ పోయినాదో అని ఎతుకుతాండా" అని చేతులు చాపింది.

నేనిచ్చానో, ఆమే తీసుకుందో, ఎంత ఆలోచించినా గుర్తు రాదు. బిడ్డ ఆమె చేతుల్లో ఉంది. జోకొడుతూ సిమెంటు కాయ వెనక్కి పోయింది. కాసేపు ఇద్దరూ కనపడలేదు.

"ఏమ్మే, ఇట్ల తే బిడ్డను" అని నేను లేచాను.

అప్పటికే ఆమె ఇటువైపు వచ్చి బిడ్డను నా చేతుల్లో పెట్టింది. "ఈ బిడ్డను తీసుకపో. బాగా పాలు తాగుతాది" అని గుట్ట ఎక్కి అవతలికి దిగిపోయింది.

పాలు తాగదని నేను ఆమెకు చెప్పలేదు.

బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. లక్ష్మి పరుగున వచ్చి కొంగు చాటున పాలిచ్చింది. బిడ్డ ఆత్రంగా తాగింది. లక్ష్మికి కళ్ళనీళ్ళు ఆగలేదు. పచ్చ చీర ఆమె గుట్ట దిగి ఎటు పోయిందని అడిగాను.

"ఎవురత్తా? ఆ పక్కంతా కంచే కదా, దారి యాడుండాది?" అంది.

మరునాడు నీళ్ళు పోస్తుంటే బిడ్డ అరికాలిలో, నిప్పు తగిలి మానినట్టు నల్లటి మచ్చ కనిపించింది. శనగపిండి పెట్టి రుద్దాను. పోలేదు. లక్ష్మిని పిలిచి చూపించాను.

"పుట్టినప్పటి నుంచీ ఉండేదే కదత్తా. రోజూ నీళ్ళు పోసేదానివి, చూడలేదా?" అంది.

నా చూపు బాగానే ఉంది. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. అంతకుముందు ఆ మచ్చ లేదు.

తర్వాత ఒక్కదాన్నే ఆ పార్కుకు పోయి అడిగాను. అట్లాంటి మనిషి పనిలో లేదన్నారు.

ఇప్పుడు పిల్లకు పళ్ళు వస్తున్నాయి. లక్ష్మి హాయిగా నిద్రపోతోంది. ఆమెకు నేనేమని చెప్పను? ఇది మా బిడ్డే అయితే మచ్చ ఎక్కడిది? కాకపోతే, పాలు తాగలేని మా బిడ్డ ఇప్పుడు ఎవరి ఒడిలో ఉన్నట్టు?