పద్నాలుగులో రెండువందల మూడు

మొన్న మా మనవరాలు ఎం.ఏ. తరగతికి చదవవలసిన వాటి జాబితా తెచ్చి నా పక్కన కూర్చుంది. "ఇది పుస్తకం అమ్మమ్మా. ఇది ఒకరు కూర్చిన పుస్తకంలో ఇంకొకరు రాసిన అధ్యాయం. ఇదేమో పత్రికలో వ్యాసం" అంటూ వేలు పెట్టి చూపించింది. వ్యాసం పేరు పక్కన రెండు అంకెలు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు. నేను కళ్లజోడు తీసేశాను.

పంతొమ్మిదివందల నలభైలలో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మా బావ కళింగపట్నంలో సువార్త చెప్పేవాడు. అభిషేకం పొందిన పాస్టరు కాదు కనుక ప్రభు బల్ల ఇచ్చే, అంటే ఆరాధనలో ప్రభువు పేర రొట్టె విరిచి పంచే అధికారం లేదు. ఆ ఏడు మిషను పరీక్ష నెగ్గితే అభిషేకం. మా అక్కకు అప్పటికే క్షయ ముదిరింది. భర్త చేతి రొట్టె తీసుకుని కన్ను మూయాలని ఒక్కటే ఆమె కోరిక. ఆమెకు సాయంగా నేను వెళ్లాను. పద్దెనిమిదేళ్లు, టీచరు ట్రైనింగు అయింది, గర్వానికి కొదవ లేదు.

పరీక్షకు చదవవలసిన వాటి జాబితా పోస్టులో వచ్చింది. ఒకచోట ఒక దొర పేరు, ఒక శీర్షిక, పక్కన 14:203. సండే స్కూలు పోటీల్లో అధ్యాయం, వచనం చెప్పీ చెప్పగానే గ్రంథం తెరిచి అందరికంటే ముందు చదివేదాన్ని నేనే. "ఇందులో ఏటుంది బావా? పద్నాలుగో అధ్యాయం, రెండొందల మూడో వచనం" అన్నాను.

మిషను బంగళా బీరువాలో, పై అరలో, దాదాపు అదే పేరున్న లావుపాటి పుస్తకం దొరికింది. అది అందుకోవడానికి పాత పత్రికల బైండు కట్టల మీద ఎక్కి నిలబడ్డాను. ఇంటికి తెచ్చి పద్నాలుగో అధ్యాయం తీస్తే వచనాల అంకెలు లేవు. పేరాలు లెక్కపెట్టాం, చాలలేదు. వాక్యాలు లెక్కపెట్టాం. అక్క మంచం మీంచి దగ్గుతూనే నవ్వింది. "ఒసే, మీకంటే ఎండు సేపలు లెక్కెట్టినోల్లు నయమే!" రెండువందల మూడో వాక్యం దొరికిన సాయంత్రం బావ మోకరించి స్తోత్రం చెప్పాడు. నెలరోజులు దానిమీదే ధ్యానం.

పరీక్షలో ఆ వాక్యం విని పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. అడిగింది పత్రికలో వ్యాసం: పద్నాలుగో సంపుటి, రెండువందల మూడో పేజీ. నేను కాళ్ల కింద వేసుకున్న కట్టల్లో ఉన్నది అదే. "వచ్చే ఏడు రండి" అన్నారు. ఇంటికొచ్చి బావ నా పేరెత్తలేదు. "సరిగ్గా సదవలేకపోనాను" అన్నాడు, అంతే.

అక్కకు ప్రాణం మీదికి రాగానే, వచ్చి రొట్టె ఇమ్మని అవతలి ఒడ్డునున్న పాస్టరు గారికి కబురు పెట్టాం. వంశధార పొంగి పడవలు ఆగిపోయాయి. నాలుగో రోజు మధ్యాహ్నం అక్క బావ చెయ్యి పట్టుకుంది.

"ఒక్క ముక్కే కదండీ, ఇచ్చీండి. దేవుడేటీ అనడు."

"నాకు అధికారం నేదే" అన్నాడు బావ.

అక్క గోడవైపు తిరిగింది. పొద్దు వాలకముందే పోయింది. బావ నియమం తప్పలేదని సంఘమంతా మెచ్చుకుంది. అప్పుడు నేనూ మెచ్చుకున్నాను.

మరుసటి ఏడు బావ నెగ్గాడు. ముసలితనం వరకూ ప్రభు బల్ల ఇచ్చాడు. రొట్టె విరిచే ముందు ప్రతిసారీ ఆయన చేతులు కాసేపు ఆగేవి. చూసినవాళ్లు భక్తి అనుకునేవారు. నా తప్పు ప్రభువు క్షమించాడని నేను సందేహం లేకుండా నమ్ముతాను. అయినా ఆ రెండు పరీక్షల మధ్య ఏడాది మాత్రం, ఇన్నేళ్లు గడిచినా, నాకు గడవలేదు.