మల్లయ్య గారు ముచ్చట పెట్టే గది

మొన్న సాయంత్రం ఆబిడ్స్‌లో బస్సెక్కితే, పక్క సీటాయన నోటి నుంచి గుప్పున ఏలకుల వాసన కొట్టింది. ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది. ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకుని మరో ఏలక్కాయ చిదిమి నోట్లో వేసుకున్నాడు. తాగి ఇంటికి వెళ్లే ముందు చాలామంది చేసే పనే. నాకు కోపం రాలేదు, అసహ్యమూ వేయలేదు. ఇంట్లో వాళ్లకు తెలియకుండా ఉండాలని ఎంత అవస్థ పడుతున్నాడో కదా అనిపించింది. తాగినవాళ్లను అలా చూడటం నాకు పుట్టుకతో రాలేదు. నేర్పినాయన పేరు మల్లయ్య.

మాది గుంటూరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నాన్నగారి ఉద్యోగం హైదరాబాదుకు మారితే ఇక్కడికి వచ్చేశాం. అప్పట్లో మా జిల్లాల్లో మద్యనిషేధం ఉండేది, ఇక్కడ లేదు. అందుకని తాగుడు ఈ ఊరి జబ్బేనని మా ఇంట్లో అందరూ గట్టిగా నమ్మేవాళ్లు. మా బాబాయి జేబులో ఎప్పుడూ ఏలకులు ఎందుకుండేవో ఎవరూ అడగలేదు. సోషల్ వర్క్ చదువు పూర్తిచేసి, అరవైల చివర్లో, నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక సందులో మేడ మీద రెండు గదుల్లో నడిచే దవాఖానాలో చేరేనాటికి నాకు తాగుడు గురించి తెలిసింది అంతే.

అక్కడి డాక్టరు గారికి ఒక పట్టుదల ఉండేది. తాగుడు మాన్పించడానికి మందులతో పాటు మాటలు ఎంతవరకు పనికొస్తాయో పరిశీలించి, నివేదిక రాయాలని. దాన్ని ఆయన కౌన్సెలింగ్ అనేవారు. మల్లయ్య గారు మాత్రం ‘ముచ్చట పెట్టుడు’ అనేవారు. మొదటి రోజు డాక్టరు గారు “మీకు పని నేర్పేది ఈయనే” అని చూపిస్తే, నేను లోపల్లోపల చిన్నబుచ్చుకున్నాను. యాభై దాటిన మనిషి, మాసిన కోటు, కాళ్లకు టైరు చెప్పులు. మెదక్ వైపు పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేశారట. సారా వల్ల చేతులు వణికి అక్షరాలు పేర్చలేక ఆ పని పోగొట్టుకున్నారు. మానేసి పదకొండేళ్లయింది. చదువు ఐదో తరగతి.

నేను నలభై ప్రశ్నలు టైపు చేయించుకుని వెళ్లాను. నా దగ్గరికొచ్చిన మొదటి మనిషి యాదగిరి అని, సుల్తాన్ బజార్లో టైలరు. రోజుకెంత తాగుతారని అడిగితే “రెండు గ్లాసులమ్మా” అన్నాడు. ఎప్పటి నుంచి అంటే “గీ మధ్యనే” అన్నాడు. అన్నీ శుభ్రంగా రాసుకున్నాను. ఆయన వెళ్లిపోయాక మల్లయ్య గారు కాగితాలు తిరగేసి చూశారు.

“రాత ముత్యాల తీరున్నదమ్మా. గని దీంట్ల ఒక్కటన్న నిజమున్నదా?”

“ఆయన చెప్పిందే రాశానండీ.”

“నువ్వు ఏం ఇనాలనుకుంటున్నవో గదే చెప్పిండు. గీ కాగితాలు వారం రోజులు బీరువల పెట్టు. ఉత్తగ కూసో. ఇను.”

ఆ తర్వాత లేచి, గోడవైపు ఉన్న రోగి కుర్చీని తీసుకెళ్లి తలుపు పక్కన వేశారు. ఎందుకని అడిగితే, “ఎప్పుడంటే అప్పుడు లేచి పోవచ్చని తెలిస్తెనే మనిషి జరసేపు కూసుంటడు” అన్నారు. వారం రోజులు కాగితం లేకుండా కూర్చోవడం నాకు నరకంగా ఉండేది. ఎవరైనా మాట్లాడకుండా ఉంటే ఆ ఖాళీని నా సలహాలతో నింపేసేదాన్ని. మల్లయ్య గారు మాత్రం ఎంతసేపైనా అలా చూస్తూ కూర్చునేవారు. నాలుగో రోజు యాదగిరి ఆ కుర్చీలో కూర్చుని, పొద్దున లేవగానే తాగకపోతే సూదిలో దారం ఎక్కించలేనని చెప్పి, రెండు చేతులూ చాపి చూపించాడు.

ఆ తర్వాత యాదగిరి మూడు నెలలు తాగలేదు. నాకు భూమ్మీద కాలు నిలవలేదు. డాక్టరు గారి నివేదిక కోసం ఆయన కథ నాలుగు పేజీలు రాశాను. అది పూర్తయిన వారానికే ఆయన రావడం మానేశాడు. ఒకరోజు మధ్యాహ్నం దుకాణానికి వెళ్తే, కుట్టు మిషను మీద తల వాల్చి ఉన్నాడు. వాసన వీధిలోకే వస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. “నాకిచ్చిన మాట ఏమైంది? సిగ్గనిపించడం లేదా? మీ మీద నేను ఎంత ఆశ పెట్టుకున్నాను!” అని, బేరానికి వచ్చినవాళ్లు వింటుండగానే అరిచేశాను. ఆయన తలెత్తలేదు. ఆ సాయంత్రమే దుకాణం మూసి ఎటో వెళ్లిపోయాడు.

నేను ఆ నాలుగు పేజీలు చించేయబోతుంటే మల్లయ్య గారు పట్టుకున్నారు.

“గట్లనే ఉంచు. కింద రాయి, మల్ల తాగిండని. మనం బజార్ల తిట్టినమని గూడ రాయి.”

“అది నివేదికలో ఎందుకండీ?”

“మన తప్పు రాయకుంటే వెనకొచ్చెటోల్లు ఏం నేర్చుకుంటరు? అయినా గాయన నీ కోసం మానిండా బిడ్డా, నువ్వు గంత బాధపడనీకి?”

ఏడుస్తూనే రాశాను. ‘మనం’ అన్నారు గాని, తిట్టింది నేను. అందుకని ‘నేను’ అనే రాశాను.

పది రోజుల తర్వాత యాదగిరి అఫ్జల్‌గంజ్‌లో ఒక కల్లు కాంపౌండ్ దగ్గర కనిపించాడని ఎవరో చెప్పారు. ఇద్దరం వెళ్లాం. మిట్టమధ్యాహ్నం. కాంపౌండ్‌కు ఎదురుగా, రోడ్డు ఇవతల మల్లయ్య గారు ఆగిపోయారు. లోపలికి వెళ్దామా అన్నాను. చూస్తే, ఆయన నుదుటి మీద చెమట, కరెంటు స్తంభాన్ని పట్టుకున్న చేతి వేళ్లు తెల్లబడి ఉన్నాయి.

“గాలి ఇటే కొడుతున్నది” అన్నారు మెల్లగా. “జర నా పక్కనే నిలబడు బిడ్డా. ఎటూ పోకు.”

అప్పటిదాకా ఆయన తాగుడును జయించిన మనిషి అనుకున్నాను. పదకొండేళ్ల తర్వాత కూడా అది ఆయన్ని రోడ్డు అవతల నుంచి పేరు పెట్టి పిలుస్తోందని ఆ స్తంభం దగ్గర తెలిసింది. ఆ వేళ ఆయన ఎంత ప్రమాదం నెత్తిన పెట్టుకుని నాతో వచ్చారో కూడా. గంటసేపు అలాగే నిలబడ్డాం. యాదగిరి బయటికొచ్చి, మమ్మల్ని చూసి పారిపోబోయి, తూలి మెట్టు మీద కూలబడ్డాడు. మల్లయ్య గారు “తిన్నవా?” అని మాత్రం అడిగారు. నేను ఎదుట కూర్చుని, “ఆ రోజు అందరి ముందూ మిమ్మల్ని తిట్టాను. తప్పయిపోయింది” అన్నాను. యాదగిరి నన్ను వింతగా చూశాడు. మల్లయ్య గారు ఇంకా వింతగా చూశారు.

యాదగిరి మళ్లీ దవాఖానాకు వచ్చాడు. ఆ తర్వాత కూడా రెండుసార్లు తాగాడు. చివరికి మానేశాక ఇక తాగలేదు.

కొన్నేళ్లకు, దవాఖానా వాళ్లు గన్‌ఫౌండ్రీలో ఒక హాలు కిరాయికి తీసుకుని, ఈ పని నేర్చుకునేవాళ్లకు శిక్షణ మొదలుపెట్టారు. డిగ్రీ లేదని మల్లయ్య గారి పేరు బోధకుల జాబితాలో వేయలేదు. నా పేరు వేశారు. నేను ఏమీ అనలేదు, అదీ చెప్పాలి. ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. నా పాఠం మధ్యలో ఒక కుర్రాడు లేచి, “ఆ వెనక కూర్చున్నాయన ఒకప్పుడు తాగుబోతట, నిజమేనా మేడమ్?” అని అడిగాడు. ఆయనే లేచారు.

“ఒకప్పుడు గాదు బాబూ. ఇప్పుడు గూడ తాగుబోతునే. పద్నాలుగేండ్ల సంది తాగని తాగుబోతును.”

నేను సుద్దముక్క కింద పెట్టి, ఆయన్ని ముందుకు రమ్మన్నాను. ఆ రోజు నుంచి సగం పాఠాలు ఆయనవే.

డెబ్బైల నడిమిలో కాలేయం జబ్బుతో ఆయన పోయారు. మానినా, పాత దెబ్బ లోపల ఉండనే ఉంది. మల్లేపల్లిలో వాళ్లింటికి వెళ్తే, ఆయన భార్య లక్ష్మమ్మ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“టైలరాయనకు తప్పయిందని చెప్పిన పిల్లవు నువ్వేనా? గా దినం మా ఆయన ఇంటికొచ్చి, అన్నం ముందర పెట్టుకోని తినకుంట కూసున్నడు. ఏందయ్యా అంటే, ‘లక్ష్మీ, తాగిన దినాలల్ల నిన్ను శాన కష్టపెట్టిన. కొట్టిన. మానితే సరిపోతదనుకున్న గని, ఒక్కనాడన్న నీతోని తప్పయిందనలె. గా చిన్నపిల్ల నడి బజార్ల అన్నది’ అన్నడు. ముప్పై ఏండ్ల సంసారంల గా మాట గప్పుడే ఇన్న బిడ్డా.”

ఆవిడ చేయి చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఎంతోమందికి ఈ పని నేర్పాను. కొత్త పద్ధతులొచ్చాయి, కొత్త పుస్తకాలొచ్చాయి. అవన్నీ చదివాను, చెప్పాను. కాని ఎవరి మీదైనా గొంతు లేస్తే, ఆ రోజు పొద్దు గుంకేలోగా వెళ్లి తప్పయిందని చెప్పి వస్తాను. దవాఖానాలో అయినా, ఇంట్లో అయినా. మొదట్లో చాలా కష్టంగా ఉండేది. ఇప్పుడూ కష్టంగానే ఉంటుంది.