తాళంచెవి దాచే అప్‌డేట్

ఫైళ్లకు తాళం వేసే ఒక ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సిద్దిపేటలో మా ఇంట్లో కూర్చునే బాగుచేస్తుంటాను. జీతం రాదు, తిట్లు మాత్రం దేశదేశాల నుంచి వస్తాయి. ఆ పొద్దున కొత్త అప్‌డేట్ విడుదల చేశాను. మార్పు ఒక్కటే: తాళం తీశాక పాస్‌వర్డ్ ఆనవాలు కంప్యూటర్‌లో మిగలదు. అవ్వకు గొప్పగా చెప్పాను.

"మంచిపని జేసినవ్ బిడ్డా. తాళంచెవి ఏడవడితే ఆడ పారేస్తరా?" అంది.

కాసేపటికి చిన్నకోడూరులో పెళ్లికి బయల్దేరాం. అవ్వ తలుపుకు తాళం వేసి, తాళంచెవి చెప్పుల స్టాండులో పెట్టి, వాడంతా వినేలా ఎదురింటామెను కేకేసింది.

"వదినే, తాళంచెవి చెప్పులకాడ పెట్టిన! నల్లా వస్తే నీళ్లు పట్టు!"

నాకు ఒళ్లు మండింది. "అవ్వా, పొద్దుగాల నీకేం జెప్పిన?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"మరి నీళ్లు నీ సాఫ్ట్‌వేర్ పడ్తదా?"