రేవు సత్రం అమ్మమ్మ

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఇంట్లో ఏదో విశేషం జరిగినట్టే. "అన్నం", "చాలు", "తాళం", "వెళ్లొస్తా". ఈ నాలుగు మాటలతో ఆయన రోజు గడిచిపోతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో నా మీద కోపమేమో అనుకుని నెల్లాళ్లు లోలోపల కుమిలిపోయాను. తరవాత తెలిసింది, ఆయన గోడతోనూ అంతే, నాతోనూ అంతే. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, ఆ మాట ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది.

చేసేది మాత్రం నోళ్ల పనే. పళ్ల ల్యాబ్‌లో కట్టుడు పళ్లు తయారు చేస్తారు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడ తీసుకుని, దాని మీద మైనం పరిచి, చిన్న చాకు మొనతో ఒక్కో పన్నూ నిలబెడతారు. చీటీలో ఉండేది రెండు ముక్కలు, ఆడో మగో, వయసెంతో. ఆ మనిషిని ఈయన ఎప్పుడూ చూడరు. అయినా పళ్లన్నీ ఒకే వరసలో తీర్చినట్టు పెట్టరు. ఒకదాన్ని కాస్త పక్కకి తిప్పుతారు, ఇంకోదాని అంచు కొంచెం అరగదీస్తారు. ఎందుకని అడిగితే "అరవై ఏళ్లు తిన్న నోరమ్మా" అన్నారు. పద్నాలుగేళ్లలో నాతో అన్న పొడుగాటి వాక్యాల్లో అదొకటి.

అలాంటి మనిషికి యాభై దాటాక ఆటల పిచ్చి పట్టింది. ల్యాబ్‌కి కొత్త కంప్యూటర్ వచ్చినప్పుడు పాతది ఇంటికి తెచ్చి, హాల్లో భోజనాల బల్ల పక్కన పెట్టారు. పట్టుమని నెల తిరక్కుండా ఇంటర్నెట్‌లో ఒక ఆటలో చేరారు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆడే ఆట. మంత్రాలు, రాక్షసులు, రెక్కల గుర్రాలు, అన్నీ ఉంటాయి. అందులో మన భాషవాళ్లు ఒక మూల చిన్న ఊరు కట్టుకున్నారు. అక్కడ యుద్ధాల కంటే కబుర్లెక్కువ. ఎవరు ఏ వేషం వేసుకుంటే ఆ మనిషిగానే మాట్లాడాలి, బయటి సంగతి ఒక్కటి రాయకూడదు. ఇంతకీ మా బావగారు ఏం వేషం వేసుకున్నారయ్యా అంటే, ఏటి రేవు పక్కన సత్రం నడిపే ముసలమ్మ.

నేను పడీ పడీ నవ్వాను. ఇంతింత మీసాలున్న మనిషి, తెర మీద నడుం వంగిన ముసలమ్మ. పైగా ఆ ముసలమ్మకి నోరాగదు. బావగారు రెండు వేళ్లతో టైపు చేస్తూ ప్రతి మాటా పైకి గొణుక్కుంటారు కాబట్టి, ఆ పక్కనే బట్టలు మడతపెడుతూ నేనంతా వినేదాన్ని. "ఏమయ్యా వీరుడా, రాక్షసుణ్ణి చంపావు సరే, కాళ్లు కడుక్కోడానికి ఎవరినైనా తోడు పంపమంటావా?" "మెతుకు మెతుకుకీ ముహూర్తం చూస్తున్నావా? తిను." "అలిగినవాళ్లు ఆ మూల కూర్చోండి, అక్కడ గాలి బాగా వస్తుంది." కత్తులు పట్టినవాళ్లూ మంత్రాలు వేసేవాళ్లూ అందరూ అమ్మమ్మా అమ్మమ్మా అంటూ ఆ ముసలమ్మ చుట్టూ చేరి, చెప్పినట్టు వినేవాళ్లు. గంట తరవాత ఆట కట్టేసి బల్ల దగ్గరికొచ్చి, మా బావగారు "అన్నం" అనేవారు.

"బావగారూ, ఆ ముసలమ్మని ఒక్కపూట ఇటు పంపకూడదూ, నాకు కబుర్లకి తోడుంటుంది" అనేదాన్ని. మీసంలో నవ్వుకుని ఊరుకునేవారు.

ఇలా రెండేళ్లు నడిచింది. ఆ మధ్య ఒక ఆదివారం, ఎప్పుడో పోయిన మా అత్తగారి అక్క వచ్చింది. ఆవిడ కట్టుడు పళ్లు వదులైపోయాయి, సరిచేయించుకుని వెళ్లాలి. బావగారు ఆటలో ఉన్నారు. "ఒక్క నిమిషం పెద్దమ్మా" అని, సత్రంలో ఎవరి మీదో అలిగి తిననంటున్న ఒక పిల్లకి జవాబు రాస్తున్నారు, ఎప్పట్లాగే గొణుక్కుంటూ. పెద్దావిడ పళ్లు తీసి చేతిరుమాల్లో చుట్టబోతూ ఆగిపోయింది.

"ఇది మా చెల్లి మాట కదరా" అంది. "ఆ మూల గాలి బాగా వస్తుందనడం... అచ్చం దాని దెప్పుళ్లే. అది పోయేనాటికి నీకు పద్నాలుగేళ్లు. ఇవన్నీ ఎలా గుర్తున్నాయిరా నీకు?"

బావగారు ఆట మూయను కూడా మూయకుండా స్విచ్చి ఆపేశారు. ఆవిడ చేతిలోంచి పళ్లు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడే పనినుంచి వచ్చిన మా ఆయన, సామాన్ల సంచీ భుజానే పెట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారని మొహం చూస్తే తెలిసింది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. పది అంతస్తుల గోతిలో తాడుకి వేలాడుతూ పాట పాడుకునే మనిషి, దేనికీ బెదరడు. ఆయనకున్న దిగులల్లా ఒక్కటే. వాళ్లమ్మ నాలుగు రోజుల జబ్బుతో పోయేనాటికి ఆయనకి మూడేళ్లు. నాన్నగారు షిఫ్టుల ఉద్యోగంలో ఉంటే, నీళ్లు పోసి, అన్నం పెట్టి, బడికి దింపి పెంచింది అన్నగారే. అన్నీ చేశారు కానీ, "అన్నయ్యా, అమ్మ ఎలా ఉండేది?" అని ఎప్పుడడిగినా "మంచిది" అని లేచి వెళ్లిపోయేవారట. ఆ ఒక్క మాటతోనే మా ఆయన నలభై దాటారు. పెళ్లైన కొత్తలో నాతో అన్నారు, "ఫొటోలో అమ్మ నోరు మూసుకుని ఉంది. ఏం మాట్లాడేదో, ఎలా తిట్టేదో నాకు తెలీదు." ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎలా ఉందో నాకిప్పటికీ గుర్తే.

ఆ ఆదివారం తరవాత కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేసి ఉంది. వారం గడిచింది. అన్నదమ్ములిద్దరూ కంచాల్లోకి చూస్తూ తిని లేచిపోతున్నారు. నాకా, ఓర్పు తక్కువ. ఎనిమిదో రోజు బావగారి క్యారియర్ నేనే పట్టుకుని ల్యాబ్‌కి వెళ్లాను. కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఎవరిదో కింది దవడ పెడుతున్నారు. జుట్టు మీద తెల్లగా ప్లాస్టర్ పొడి.

"ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ అమ్మని పంచిపెడుతున్నారు కదా, సొంత తమ్ముడికి ఒక్క ముక్క మిగల్చలేరా?" అన్నాను. అలా అని ఉండకూడదు. కానీ అనేశాను.

ఆయన చాకు కింద పెట్టారు. చాలాసేపు చేతులు తుడుచుకున్నారు.

"అమ్మ గురించి చెప్పమంటే నా వల్ల కాదమ్మా. ఎన్నిసార్లు అనుకున్నానో. వాణ్ణి ఎదురుగా పెట్టుకుని మొదలుపెడితే రెండో మాటకే గొంతు పట్టేస్తుంది. అమ్మలా మాట్లాడమంటే మాత్రం వస్తుంది. ఆ ముసలమ్మనయ్యానంటే నేను తలుచుకోకపోయినా అవే వచ్చేస్తాయి, మరిచిపోయినవి కూడా. అందుకే అక్కడ ఒక్కసారి కూడా వేషం వదల్లేదు నేను. వదిలితే మళ్లీ ఉండేది నేనే. అమ్మ ఉండదు."

ఆ వాక్యాలు లెక్కపెడితే ఆయన ఆరు నెలలకి సరిపోతాయి. "ఆట మానకండి బావగారూ, ఆ సత్రంలోవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు" అని మాత్రం చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికే నాకు ఉపాయం తట్టింది. "మీరే వెళ్లండి ఆ సత్రానికి" అన్నాను మా ఆయనతో. ఫోన్లో ఆ ఆట ఎక్కించుకున్నాం. మనిషిని ఎంచుకోమంటే ఆయన మొదట కనపడిన బొమ్మనే నొక్కేశారు. కొమ్ములు, గద, నల్లమబ్బులాంటి ఒళ్లు. పిడుగులాంటి ఆ వీరుడు రెండు రోజులు రేవులో తిన్నగా నడవడం రాక ఏట్లో పడుతూ లేస్తూ ఉన్నాడు. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "మీరు దారినపోయే బాటసారి. అంతే. అన్నయ్యా గిన్నయ్యా అన్నారంటే ఆయన స్విచ్చి ఆపేస్తారు, మళ్లీ జన్మలో ఆ ముసలమ్మ దొరకదు." మా ఆయన తలూపారు. "నాకేం కావాలే, నాలుగు మాటలు వింటే చాలు" అన్నారు.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం తువ్వాలు తీసి బావగారు కూర్చున్నారు. మా ఆయన పడగ్గదిలో మంచం అంచున ఫోన్ పట్టుకున్నారు. నేను మధ్య గుమ్మంలో, ఇటు వంగితే ఆయన, అటు వంగితే ఈయన కనపడేలా నిలబడ్డాను. పక్కింటావిడ పిలిస్తే పలకలేదు.

కొమ్ముల వీరుడు సత్రంలోకి వచ్చి "అమ్మమ్మా, దూరంనుంచి వచ్చాను" అన్నాడు.

"వచ్చావు సరే, ఆ కొమ్ములు నా గుమ్మానికి తగలకుండా వంగి రా. గుమ్మం నీకంటే పెద్దది, వయసులో" అంది ముసలమ్మ. ఏం తిన్నావంది. తిన్నానంటే, నీ మొహం తిన్నట్టు లేదంది. ఎవరికోసం తిరుగుతున్నావంది. మా ఆయన ప్రతి వాక్యం రెండేసిసార్లు చదువుకుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి. బాగానే సాగుతోంది కదా అని నేను కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో ముసలమ్మ, "నిలబడే ఉన్నావేం నాయనా, కూర్చోమని చెప్పడానికి నీకు అమ్మ లేదా?" అంది. ఊరికే, అందరినీ అన్నట్టే అంది.

మా ఆయన వేలు ఆగింది. నేను వద్దు వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆయన టైపు చేసేశారు. "అన్నయ్యా, నేను. అమ్మ నిజంగా ఇలాగే మాట్లాడేదా?"

హాల్లో టకటక ఆగిపోయింది. బావగారు తెర వైపే చూస్తున్నారు. ఒక్కసారి పడగ్గది వైపు తల తిప్పబోయి మానేశారు. కుడిచెయ్యి మెల్లిగా గోడ మీది స్విచ్చి దాకా వెళ్లింది. నేను వెళ్లి పట్టుకుందామా అనుకున్నాను. ఆ చెయ్యి అక్కడ కాసేపు ఉండి వెనక్కి వచ్చింది. రెండు వేళ్లూ మళ్లీ అక్షరాల మీద పడ్డాయి. ఈసారి పైకి గొణగలేదు. నేను అటు పడగ్గదిలోకి పరిగెత్తి ఫోన్లోకి తొంగిచూశాను.

"అయ్యో, ఒళ్లు కాలిపోతోంది నాయనా. ఇలా పడుకో."

ఆ సత్రంలో అదొక ఆనవాయితీ. ఎవరైనా పొరపాటున బయటి సంగతి రాస్తే, జ్వరంలో పలవరిస్తున్నాడని లెక్క. కరెంటు పోయిందనో, రేపు ఆఫీసుందనో రాసినవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు, వాడు నాలిక కరుచుకుని మళ్లీ వేషంలోకి వచ్చేస్తాడు. మామూలుగా ఒక్క మాటతో అయిపోయే తంతు. ముసలమ్మ ఆ రోజు ఒక్క మాటతో ఆపలేదు.

"కళ్లు మూసుకో. మాట్లాడకు, నేను మాట్లాడతాను. నా చిన్నకొడుకూ అంతే, జ్వరమొస్తే నా బొటనవేలు పట్టుకుని పడుకునేవాడు. విడిపిస్తే లేచి కూర్చునేవాడు, దొంగవెధవ. ఇంట్లో ఎక్కడి పని అక్కడే ఉండేది. ఒంటిచేత్తో బియ్యం ఏరేదాన్ని, ఒంటిచేత్తో పెద్దాడికి జడిపింపులు. వాడు నవ్వేవాడు. ఈ చిన్నాడు నిద్రలో కూడా పిడికిలి వదిలేవాడు కాదు. పెద్దయ్యాక ఏం పట్టుకుంటాడో వీడు, అంత గట్టిగా, అనుకునేదాన్ని."

మా ఆయన ఫోన్ మంచం మీద పెట్టి, మళ్లీ తీసుకున్నారు. తాళ్లు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు అవి. నావైపు చూడలేదు. చూసినా ఆ కళ్లకి నేను కనపడను.

తెర మీద ఇంకో వాక్యం వచ్చింది. "ఇప్పుడెలా ఉంది నాయనా? తగ్గిందా?"

తగ్గిందంటే లేచి సత్రంలోంచి బయల్దేరాలి. ఆట తెలియని మా ఆయనకి ఆ సంగతి మాత్రం ఎలా తెలిసిందో తెలిసింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు.

"ఇంకా తగ్గలేదమ్మా."

హాల్లో టకటక మొదలైంది. "అయితే పడుకో. నేనెక్కడికీ పోను."