ఓవర్‌మ్యాన్ గీసిన ప్రపంచం

గోదావరిఖని తిలక్‌నగర్‌లో అలీముద్దీన్ ఇంటికి ఎవరు వెళ్లినా ముందు గోడ వైపే చూస్తారు. కేలండర్ ఉండాల్సిన చోట ట్రేసింగ్ కాగితం మీద ప్రపంచ పటం వేలాడుతూ ఉంటుంది. హైదరాబాద్ నుంచి తూర్పుకు నీలం బాణాలు బయలుదేరతాయి. బ్యాంకాక్, సిడ్నీ, ఆ తర్వాత పసిఫిక్ సముద్రం, చిలీ దేశం. అక్కడి దాకా నీలమే. అక్కడ ఎర్ర బాణాలు అందుకుని బ్రెజిల్, ఇస్తాంబుల్ మీదుగా తిరిగి హైదరాబాద్ చేరతాయి. బొగ్గుబావిలో పనిచేసినవాళ్లకు ఆ రంగుల సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. బావిలోకి వచ్చే మంచిగాలిని ప్లాన్లలో నీలంతో గీస్తారు. లోపలంతా తిరిగి, వేడెక్కి బయటికి పోయే గాలిని ఎరుపుతో గీస్తారు.

“గాలి వచ్చిన తొవ్వల వాపస్ పోదు” అని చెబుతాడు అలీముద్దీన్, ఎవరు అడిగినా అదే ఓపికతో. “ఒక దిక్కు నుంచి వస్తది, అంత తిరుగుతది, ఇంకో దిక్కు నుంచి పోతది. ఈ టికెట్ రూల్ గూడ గదే. తూర్పుకు బయలెల్లినవంటే తూర్పుకే పోవాలె. వెనుకకు మర్లుడు లేదు.”

అలీముద్దీన్‌కు అరవై నాలుగేళ్లు. పర్మినెంటు కాని, బొగ్గు నింపే బదిలీ ఫిల్లర్‌గా బావిలో దిగి, రాత్రిబడిలో చదివి, పరీక్షలు రాసి సర్దార్ అయ్యాడు, తర్వాత ఓవర్‌మ్యాన్ అయ్యాడు. ఓవర్‌మ్యాన్ అంటే షిఫ్టంతా తన పరిధిలోని ప్రతి పనిస్థలానికీ నడిచి, పైకప్పు తట్టి, గాలి చూసి, మనుషుల్ని చూసుకునేవాడు. రిటైరయ్యే ముందు ఒక రోజు సరదాకు లెక్క వేశాడట. ముప్పై ఎనిమిదేళ్లలో తాను లోపల నడిచింది యాభై వేల కిలోమీటర్ల పైమాటే అని తేలింది.

“భూమి చుట్టు కొలత నలభై వేలేనట. అంటె నేను భూమిని ఒక చుట్టు చుట్టి, ఇంకో పావు చుట్టు గూడ ఎక్కువ నడిచిన. కాని ఏం ఫాయిదా? ఆ మూడు కిలోమీటర్లల్లనే తిరిగిన.”

ఈ మాట చెప్పి నవ్వుతాడు గానీ, ఆ కోరిక అక్కడే పుట్టిందని ఆయన భార్య నుస్రత్ బేగం అంటుంది. చిలీ మాట మాత్రం ఆయన నవ్వుతూ చెప్పడు. 2010లో ఆ దేశంలో ముప్పై ముగ్గురు గని కార్మికులు అరవై తొమ్మిది రోజులు భూమి లోపల ఉండి, ఒక సన్నటి బొక్కలోంచి ఒక్కొక్కరుగా పైకి వచ్చారు. అలీముద్దీన్ ఆ దృశ్యాన్ని బావి క్యాంటీన్ టీవీలో నిలబడి చూశాడు. అంతకు నాలుగేళ్ల ముందు తానూ ఇద్దరు మనుషులతో పైకప్పు కూలినచోట తొమ్మిది గంటలు చిక్కుకున్నాడు. “ఆ బొక్క చూడాలె ఒక్కసారి” అనేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

విమానం పాయింట్ల సంగతి ఆయనకు నేర్పింది కామరాజు. భీమవరం వైపు నుంచి వచ్చి, బొగ్గు కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసి, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఒకసారి పొద్దుటి నడకలో, క్రెడిట్ కార్డుతో ఏం కొన్నా పాయింట్లు పడతాయనీ, పాయింట్లు కూడితే విమానం టికెట్ ఇస్తారనీ, ఒకే టికెట్ మీద భూమి చుట్టూ తిరగొచ్చనీ చెప్పాడు. అలీముద్దీన్ రిటైరైన నెలలోనే ఆ కార్డు తీసుకున్నాడు. ఇంటి రిపేరంతా ఆ కార్డు మీదే చేయించాడు. తర్వాత వాడవాళ్లకు చెప్పుకున్నాడు: మీరు ఏదన్న పెద్ద వస్తువు కొంటే నన్ను తోలుకపోండ్రి, నా కార్డు గీకుత, పైసలు నాకియ్యుండ్రి.

వాడలో అదొక అలవాటైపోయింది. ఎదురింటి సంతోషి వాషింగ్ మెషీన్ కొనే రోజు ఆటోలో ముందు సీటు ఆయనకే అట్టిపెట్టింది.

“కాకా, ఈ మెషీన్‌తోని ఎంత దూరం పోతవ్?”

“బ్యాంకాక్ దాక పోత బిడ్డా.”

“మరి ఫ్రిజ్ గూడ కొనాల్సింది! సముద్రంల దించొద్దు గద నిన్ను!”

మూడేళ్లలో రెండు లక్షల ఐదు వేల పాయింట్లు కూడాయి. గోడ మీది దారికి మనిషికి లక్షా నలభై వేలు కావాలి. ఇంకో ఏడాది ఆగితే ఇద్దరికీ సరిపోతాయని అలీముద్దీన్ లెక్క. నుస్రత్ బేగం బయటికి పెద్దగా ఉబలాటం చూపలేదు. అయితే పసిఫిక్ సముద్రం దాటేటప్పుడు గురువారం సాయంత్రం విమానమెక్కితే అదే గురువారం పొద్దున దిగుతారని విన్నప్పుడు మాత్రం చేతిలో అల్లిక ఆపింది.

“అదే గురువారం మళ్లొస్తదా? అయితె ఆ రోజు రెండుసార్లు వండాల్నా నేను?”

“హోటల్ల తిందాం.”

“రెండు గురువారాలూ?” అని అడిగి, రూఢి చేసుకున్నాకే మళ్లీ సూది పట్టింది.

ఈ ఫిబ్రవరిలో, రంజాన్ నెలకు ముందు, కామరాజు ఏదో చూసిపెడదామని అలీముద్దీన్ ఫోన్ తీసుకున్నాడు. చూస్తూ చూస్తూ కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఏవండీ అలీముద్దీన్ గారూ, ఈ మెసేజ్ మూడుసార్లు వచ్చిందండి. మీరు చూళ్లేదా?”

“చూసిన సార్. అమ్మేటోళ్ల మెసేజ్ అనుకున్న.”

“కాదండీ బాబూ. ఎనభై వేల పాయింట్లు ఈ నెలాఖరుకి పోతాయంటున్నారు. మీరు మొదటి సంవత్సరం కూడబెట్టినవి.”

“పోతయా? ఎట్ల పోతయి సార్? పడ్డ మస్టర్ ఎక్కడన్న పోతదా?”

మస్టర్ అంటే హాజరు. బావిలో దిగిన రోజుకు ఒక మస్టర్. ఒకసారి పడిందంటే పడ్డట్టే. ముప్పై ఏళ్ల కిందటి మస్టర్ కూడా రిటైరయ్యే రోజున లెక్కలోకి వస్తుంది. పాయింట్లు కూడా అట్లాంటివేనని అలీముద్దీన్ నమ్మాడు. బావిలో పనిచేసినవాళ్లు ఎవరైనా అలాగే నమ్మేవాళ్లు. కామరాజుకు మాత్రం ఆ రోజు తల కొట్టుకున్నంత పనైంది. మూడేళ్లకు గడువు తీరుతుందన్న మాట చెప్పాల్సిన అవసరమే ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

ఇక మిగిలింది పదమూడు రోజులు. ఆ లోపల టికెట్ తీసేస్తే పాయింట్లు దక్కుతాయి, ప్రయాణం ఏడాది లోపల ఎప్పుడైనా చేసుకోవచ్చు. కాని ఉన్నవాటితో గోడ మీది దారికి వచ్చేది ఒక్క టికెట్టే.

నుస్రత్ బేగం వెంటనే తేల్చేసింది. “మీరు పోయి రాండ్రి. చిలీ చూసి రాండ్రి. నాకేం దేశాలు? ఫోటోలు పంపుండ్రి, చూస్త.”

“ముప్పై ఎనిమిదేండ్లు నేను పోతాంటె నువ్వు దర్వాజ కాడ నిలబడ్డవు. ఇప్పుడు గూడ గదేనా?”

“నాకు అలవాటే గద.”

“నాకు అలవాటు లేదు. అప్పుడు బాయిల దిగినంక వెనుకకు చూసేది లేకుండె.”

అట్లా మూడు రోజులు. ఆయన వెళ్లనంటాడు, ఆమె వెళ్లమంటుంది. మధ్యలో కామరాజు రెండుసార్లు వచ్చి, టీ తాగి, ఏమీ తేలక వెళ్లిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అలీముద్దీన్ నేల మీద అట్లాసు పరిచి, స్కేలు పెట్టి మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు. టికెట్‌కు ఎన్ని పాయింట్లన్నది దారి పొడవును బట్టి ఉంటుంది. దారి తగ్గితే పాయింట్లు తగ్గుతాయి. పక్కన నుస్రత్ బేగం రంజాన్‌కు అంగళ్లవాళ్లు అడిగిన నమాజు టోపీలు అల్లుతోంది. వంకీసూదితో నడినెత్తి నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా కిందికి అల్లుకొస్తారు వాటిని.

“కొలిచిందే కొలుస్తున్నరు. కొలిస్తె తగ్గుతదా?”

“ఏదన్న దగ్గరి తొవ్వ దొరుకుతదేమో అని.”

“గీ మీది దేశాల నుంచి పోతె?” ఆమె సూదితో జపాన్, కెనడా చూపించింది.

“చూసిన. అటు పొయినా పెద్ద ఫరఖ్ లేదు. ఇగో, స్కేలు అబద్ధం చెప్తదా?”

ఆమె కాసేపు పటం వైపు చూసింది. చేతిలో సగమైన టోపీ వైపు చూసింది.

“అజీ, భూమి గుండ్రంగ ఉంటదా, మీ కాగితం లెక్క సాపుగ ఉంటదా?”

“గుండ్రమే.”

“మరి నా టోపీ జూడుండ్రి. నెత్తి మీది చుట్టుకు జానెడు దారం పడుతది. చెవుల కాడి చుట్టుకు మూరెడు. రెండు చుట్లే. మీ కాగితం మీద రెండూ ఒక్కతీరే ఉన్నయి.”

అలీముద్దీన్ లేచి వంటింట్లోకి వెళ్లి ఒక స్టీలు గిన్నె తెచ్చి, బోర్లించి, దాని మీద టోపీ తొడిగాడు. దారం తీసుకుని పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు కొలిచాడు. రెండు దారాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, తలమీద చెయ్యి పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. బావి ప్లానులో ఈ మూలన ఇంచుకు ఎన్ని మీటర్లో ఆ మూలనా అన్నే. బొగ్గుపొర మీద నడిచే మనిషికి అంతకు మించి అవసరం రాదు. ఆ అలవాటుతోనే ప్రపంచమంతటికీ ఒకే స్కేలు పెట్టి మూడేళ్లు కొలిచాడు.

“కామరాజు సారుకు ఫోన్ చెయ్యి. జల్ది!”

కామరాజు వచ్చి తన ఫోన్‌లో ఒక్కో ఊరి దూరం తీశాడు. బ్యాంకాక్, టోక్యో, వాంకోవర్, టొరంటో, ఇస్తాంబుల్. గోడ మీది దారి ముప్పై తొమ్మిది వేల కిలోమీటర్లు. ఇది ముప్పై ఒకటి. మనిషికి లక్ష పాయింట్లు. ఇద్దరికీ రెండు లక్షలు.

“సరిపోయిందండీ! ఇంకా ఐదువేలు మిగుల్తున్నాయి కూడాను. నేను అకౌంట్స్‌లో ఇన్నేళ్లు పనిచేశాను, ఇది నాకు తట్టలేదు చూడండి.”

“మీరు టోపీలు అల్లలే సార్” అన్నది నుస్రత్ బేగం.

టికెట్ కోసం ఫోన్ చేయబోయే ముందు అలీముద్దీన్ ఆగాడు. గోడ దగ్గరికి వెళ్లి నీలం, ఎరుపు కలిసే చోట నిలబడ్డాడు. ఆమె కూడా వెళ్లి పక్కన నిలబడింది.

“చిలీ పోతది గద” అన్నది మెల్లగా. “ఇంకోసారి ఆలోచించుండ్రి. నేను నిజంగ ఉంట ఇంట్ల.”

“పోనీ. ఆ ముప్పై ముగ్గురు పైకొచ్చిండ్రు. ఇండ్లకు పొయిండ్రు. నేను పోయి చూసేదేముంది, ఖాళీ బొక్క.”

టికెట్ ఇచ్చే అమ్మాయితో మాట్లాడటానికి గంటన్నర పట్టింది. మధ్యలో లైను రెండుసార్లు తెగింది. ఒక రోజు సీట్లుంటే తర్వాతి విమానంలో ఉండవు, అందులో ఉంటే ముందుదానిలో ఉండవు. చివరికి అక్టోబరు మొదటి వారంలో అన్నీ కుదిరాయి. కిటికీ సీటు ఎవరికని ఆ అమ్మాయి అడిగితే అలీముద్దీన్ ఫోన్ భార్యకు ఇచ్చాడు. ఆమె హిందీలో గట్టిగా, అక్కడిదాకా వినబడాలన్నట్టు చెప్పింది: “అన్నింట్లో నాకే. ఆయనకు చీకట్లో కూర్చునే అలవాటుంది.”

వీసాలు ఇంకా రావాలి. కూతురు సుమైరా మంచిర్యాల నుంచి ఆదివారాలు వచ్చి ఆ కాగితాలు నింపుతోంది. కెనడావాళ్లు ఏమంటారోనని కామరాజుకు బెంగ. అలీముద్దీన్‌కు అంత బెంగ లేదు. వేలిముద్రలకు ఇద్దరూ హైదరాబాద్ వెళ్లివచ్చారు, దారిలో కిటికీ సీటు ఆమెదే.

మొన్న సాయంత్రం వాళ్లు కొత్త బ్యాగులు పట్టుకుని వాడ చివరి కిరాణా అంగట్లోకి వచ్చారు. విమానంలో చేతి బ్యాగు ఏడు కిలోలు దాటకూడదట. అంగటి తక్కెడ మీద నుస్రత్ బేగం బ్యాగు పెడితే తొమ్మిదిన్నర చూపించింది. చింతపండు కొనడానికి వచ్చిన సంతోషి ఊరుకుంటుందా?

“చిన్నమ్మా, కెనడాల దుకాణం పెడుతున్నవా ఏంది?”

“చలి దేశం బిడ్డా. రెండు స్వెట్టర్లు, మిర్పకారం, మామిడికాయ తొక్కు. ఏది తియ్యాలె చెప్పు?”

“తొక్కు తియ్యకు. కాకను తీసెయ్యి.”

అలీముద్దీన్ తన బ్యాగు తక్కెడ మీద పెట్టాడు. నాలుగు కిలోలు.

“నా దాంట్ల మూడు కిలోల జాగ ఉన్నది. ఇటియ్యి” అన్నాడు.

ఇద్దరూ అంగటి మెట్టు మీద కూర్చుని బ్యాగులు రెండూ విప్పారు. స్వెట్టర్లు ఆయన బ్యాగులోకి వెళ్లాయి. తొక్కు సీసా దగ్గర మాత్రం మాట పెరిగింది. నూనె కారితే తన చొక్కాలు ఖరాబవుతాయని ఆయన, కారకుండా మూత బిగించడం తనకు తెలుసని ఆమె. అంగడి మూసే వేళకు కూడా ఆ సీసా ఇద్దరి మధ్య మెట్టు మీదే ఉంది.