భద్రయ్యను ఎందుకు వద్దన్నారు

హైదరాబాదు స్టడీకి పోయిన భద్రయ్య మళ్ళీ ఒట్టి చేతులతో తిరిగొచ్చాడని తెలిసి ఊళ్ళో చాలామంది నవ్వుకున్నారు. నవ్వరూ మరి? కిష్టారం అవతల ఆ చుట్టుపక్కల మిరపకాయ బస్తాను ఒక్కడే భుజానికెత్తుకుని లారీ ఎక్కించే మనిషి భద్రయ్య. అలాంటివాణ్ణి పనికిరావని పంపేసి, అతని వెంట పోయిన, గాలొస్తే ఎగిరిపోయేటట్టుండే బుధ్రాను మాత్రం రమ్మని కూర్చోబెట్టి కోడికూరతో అన్నం పెట్టారు. భద్రయ్యకు తల కొట్టేసినట్టయింది.

కొత్త మందుబిళ్ళలు అమ్మకానికి రాకముందు, ఆరోగ్యంగా ఉన్న మనుషుల చేత మింగించి, వాళ్ళ నెత్తురు తీసి చూస్తారు. దాన్నే అందరూ స్టడీ అంటారు. కొన్నాళ్ళు అక్కడే ఉంచుకుని, పోయేటప్పుడు డబ్బిస్తారు. ఏటా మిరపకాయలు ఏరడానికి తెలంగాణకు పోయే ముఠాలో ఈ కబురు మొదట బుధ్రా చెవిన పడింది. "ఏం చెయ్యనక్కర్లేదన్నా, పండుకుంటే చాలు, పైసలిస్తరు," అని వాడు చెప్పినప్పుడు భద్రయ్య నమ్మలేదు. నమ్మాక మాత్రం ఆశ వదల్లేదు.

ఆ ఆశంతా కూతురి కోసం. ఆరేళ్ళ స్రవంతికి వానలో తడిసినా, చలిగాలి తగిలినా చేతులూ కాళ్ళూ పట్టేస్తాయి. మోకాళ్ళు వాచి, కళ్ళు పచ్చబడి, గొంతు పోయేదాకా ఏడుస్తుంది. ఊళ్ళోకి బండి మీద వచ్చే సూదిమందాయన ప్రతిసారీ మలేరియా అనే అన్నాడు, ప్రతిసారీ అవే బిళ్ళలిచ్చాడు. పిల్లకు ముందు పుట్టిన నవీన్ ఇట్లాంటి నొప్పులతోనే, జ్వరంతోనే నాలుగేళ్ళు నిండకుండా కన్నుమూశాడు. ఈ పిల్లనైనా దక్కించుకోవాలంటే హైదరాబాదులో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. దానికి డబ్బు కావాలి. భద్రయ్యకు తెలిసిన దారి అదొక్కటే.

స్టడీకి ఎవరిని ఎందుకు వద్దంటారో అక్కడ సరిగ్గా చెప్పేవాడుండడు. పరీక్షలు చేశాక కొందరి పేర్లు పిలుస్తారు, పిలవనివాళ్ళు సంచి సర్దుకోవాలి, అంతే. కారణం చెప్పకపోతే జనం ఊరుకుంటారా? తలా ఒకటి పుట్టించారు. బరువు తక్కువైతే వద్దంటారని ఒకడు. ఖైనీ నమిలితే ఉచ్చలో తెలిసిపోతుందని ఇంకొకడు. ఒకచోట మందు మింగిన ఒళ్ళు తేరుకోకముందే ఇంకోచోటికి పోతే పట్టేస్తారని, తెల్లకోటు చూసి గుండె దడదడలాడినా పంపేస్తారని బుధ్రా చెప్పాడు. ఇవన్నీ కొంతమంది విషయంలో నిజాలే. భద్రయ్య విషయంలోనే ఒక్కటీ కుదరలేదు.

అయినా ఏదీ విడిచిపెట్టలేదు పాపం. మొదటిసారి వద్దన్నాక ఖైనీ మానేశాడు. రెండోసారి పోయేముందు, తాటికల్లు దిగే రోజుల్లో, చెట్ల దగ్గర మగవాళ్ళంతా చేరే వేళకు చుట్టుదారిన ఇంటికి పోయేవాడు. భార్య జోగమ్మ అప్పుచేసి మేక కార్జం తెచ్చి వండిపెట్టింది. తాను ఒక్క ముక్క ముట్టలేదు. అంత చేసినా వద్దన్నారు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆమె మీదే చూపించాడు.

"మీ ఇంట్ల నెత్తురే మంచిది కాదు. నా పిల్లల్ని తింటాంది," అన్నాడు.

కొడుకు పోయినప్పుడూ అదే మాటన్నాడు. జోగమ్మ అతని సొంత మేనమామ కూతురు. భద్రయ్య తల్లి పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. ఆ నెత్తురులో తనకూ వాటా ఉందని అతనికి ఏనాడూ తట్టలేదు. జోగమ్మకు తట్టిందేమో తెలియదు. తట్టినా మొగుడితో అనే మనిషి కాదు.

మూడోసారి మాత్రం పేరు పిలవకపోయినా భద్రయ్య వెళ్ళిపోలేదు. గేటు బయట గోడవారన నిలబడ్డాడు. కాపలా మనిషి పొమ్మంటే కాస్త దూరం జరిగి మళ్ళీ నిలబడ్డాడు. సాయంత్రం డ్యూటీ దిగి బయటికొచ్చిన నర్సు ఉదయశ్రీ అతన్ని గుర్తుపట్టింది. పొద్దున అతని నెత్తురు తీసింది ఆమే.

"మేడమ్, నన్నెందుకు వద్దన్నరో ఒక్కమాట చెప్పు. మళ్ళ ఈ గేటు తొక్క," అన్నాడు.

ఆమె అటూ ఇటూ చూసింది. "మీదే ఊరు?"

"సుక్మా జిల్లా. కిష్టారం అవతల."

"మీ రక్తంలో సికిల్ సెల్ ఉంది, అమ్మానాన్నల నుంచి వచ్చే నెత్తురు లోపం. భయపడకండి, మీకు జబ్బు లేదు. అది మీ ఒంట్లో సగమే ఉంది. సగం ఉన్నవాళ్ళు అందరిలాగే పనులు చేసుకుంటారు, వాళ్ళకు తెలియను కూడా తెలియదు. ఇక్కడ మాత్రం తీసుకోరు."

"పోయినసారి ఎవలు చెప్పలేదేంది?"

"చెప్పాల్సింది," అంది ఆమె. "పెళ్ళయిందా? పిల్లలున్నారా?"

"ఒక పాప."

"మీ ఆవిడకు కూడా ఇట్లాగే సగం ఉంటే, రెండూ కలిసి పిల్లలకు జబ్బుగా రావచ్చు. పాపకు కీళ్ళ నొప్పులొస్తాయా? కళ్ళు పచ్చబడతాయా?"

భద్రయ్య రెండింటికీ తలూపాడు. ఆమెకు అర్థమైంది.

"దీనికి హైదరాబాదు రానక్కర్లేదు. వేలి మీద చిన్న చుక్క తీసి మీ జిల్లాలోనే చూస్తారు. మందులు కూడా ఊరికే ఇస్తారు. ఊళ్ళకే వచ్చి పరీక్ష చేస్తుంటారు కదా, మీ ఊరు ఎప్పుడూ రాలేదా?"

వచ్చారు. ఎందుకు రాలేదు? నవీన్‌కు నొప్పులు మొదలైన ఏడే వచ్చారు. బడి దగ్గర శిబిర్ పెట్టారు. ఆరోగ్యం పనులు చూసే మితానిన్ సోమి ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని తీసుకుని రమ్మని చెప్పింది. జోగమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని గడప దాటింది కూడా. భద్రయ్యే చెయ్యి పట్టి లోపలికి లాగాడు. చుక్క తీసేముందు పేరు రాస్తారు, తండ్రి పేరు రాస్తారు, ఊరు రాస్తారు. ఒకచోట పేరు ఎక్కితే ఇటు పోలీసులూ అడుగుతారు, అటు అడవిలో అన్నలూ అడుగుతారు. ఆ ఊళ్ళో పేరు చెప్పకుండా బతకడమే తెలివి అని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నవాడు. తలుపుకు గొళ్ళెం పెట్టి, పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని అడవిలో చేను దగ్గరికి పోయి, శిబిర్ వాళ్ళ జీపు వెళ్ళిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత ఏడు తిరక్కుండానే నవీన్ పోయాడు. అప్పుడు ఊరికే ఇవ్వని ఆ చుక్కనే, ఇప్పుడు డబ్బు కోసం ఊరుకాని ఊళ్ళో గొట్టాలకు గొట్టాలు ఇచ్చాడు. అక్కడ అడిగిన పేరల్లా చెప్పాడు, అడిగినచోటల్లా వేలిముద్ర వేశాడు.

బస్సులో భద్రాచలం దాటాక ఎవరో తినమని అరటిపండు ఇస్తే తీసుకుని, చివరిదాకా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. దుఃఖం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది.

ఇంటికి చేరేసరికి జోగమ్మ కూతురి మోకాలికి వేడిగుడ్డతో కాపడం పెడుతోంది.

"తీసుకున్నరా బావా?"

"తీసుకోలే."

"ఈసారేమంటరు?"

అతను గడప మీద కూర్చుని, నర్సు చెప్పింది తనకొచ్చిన మాటల్లో చెప్పాడు. జబ్బు నీ ఒక్కదానిదే కాదన్నాడు. నాది సగం, నీది సగం అన్నాడు. మీ ఇంటి నెత్తురని అన్నమాట తప్పన్నాడు. పెళ్ళయినప్పటినుంచీ అతని నోట అలాంటి మాట వినలేదు జోగమ్మ. కానీ ఆమె మనసు ఆ మాట దగ్గర ఆగలేదు.

"అప్పుడు బడికాడికి వచ్చినోళ్ళు చూసేది ఇదేనా?" అని అడిగింది.

"ఇదే."

చేతిలో గుడ్డ చల్లారిపోయింది. ఆమె దాన్ని మళ్ళీ వేడినీళ్ళలో ముంచి, పిండి, పిల్ల మోకాలి మీద వేసింది. తిడుతుందని, జుట్టు పట్టుకుని కొట్టినా కొడుతుందని భద్రయ్య తలొంచుకుని కాచుకున్నాడు. ఆమె అతనివైపు తిరగనేలేదు.

తెల్లారి ముగ్గురూ సుక్మా ఆసుపత్రికి పోయారు. బల్ల దగ్గర కూర్చున్నామె హిందీలో పేరడిగింది. భద్రయ్య తన పేరు, తండ్రి పేరు, ఊరిపేరు, అడగని తాత పేరు కూడా గబగబా చెప్పేశాడు. ఆమె రాసుకుని, పిల్లలెంతమంది అని అడిగింది.

"ఇద్దరు," అంది జోగమ్మ.

ఆమె స్రవంతి వైపు చూసి, రెండోవాళ్ళేరి, వాళ్ళను తీసుకురాలేదా అంది.

జోగమ్మ ఇంటిదగ్గర బయల్దేరాక మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. "నువ్వే చెప్పు బావా," అంది.

బల్ల దగ్గరామె కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

"తీసుకురాలే," అన్నాడు భద్రయ్య. "అప్పుడు ఈమె తీసుకొస్తనంటే నేనే ఆపిన."