నడవ దాటి వచ్చే పళ్ళెం

రెండు వారాల కిందట మంగళవారం పొద్దున పాలప్యాకెట్టు కోసం తలుపు తీశాను. ఎదురింటి గుమ్మంలో సిస్టరమ్మ కొడుకు నిలబడున్నాడు. "అంకుల్, మమ్మీ నహీ రహీ" అన్నాడు, అమ్మ ఇక లేదని. వాడికి తెలుగు అర్థమవుద్ది గానీ నోటికి రాదు. నేను "అచ్ఛా" అన్నాను.

ఎరగనివాళ్ళకి చెబుతున్నా. సిస్టరమ్మ బాపట్ల వైపు మనిషి. ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక ఢిల్లీ పక్కనున్న ఈ వైశాలిలో మా ఎదురింట్లో ఉంది. నేను సర్కారు కారు తోలినోణ్ణి. ఆర్.కె. పురం క్వార్టర్సు వదిలాక, మా ఆడమనిషి పోయాక, ఇక్కడ ఒక్కణ్ణే ఉంటున్నా. నా చదువు నాలుగో క్లాసు. అక్షరం తప్పుంటే మీరే సర్దుకోండి, నాకు మాత్రం చెప్పొద్దు.

ఈ చెప్పించుకోని గుణంతోనే ఆమెతో తగువు పెట్టుకున్నా. ఒక ఆదివారం మన చర్చి కూడికలో నన్ను బైబిలు వాక్యం చదవమన్నారు. ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయా. సిస్టరమ్మ కుర్చీలోంచే ఆ మాట గట్టిగా అందించింది. సాయం అనుకుంది పాపం. పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి "తప్పయిందయ్యా" అంది. "ఠీక్ హై" అని తలుపేశాను. ఠీక్ ఏం కాలేదు. ఆ రోజు నుంచి మాట్లాడలా.

మనది అద్దె హాలు. నడవకి ఇటు మగవాళ్ళం, అటు ఆడవాళ్ళు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసయ్యని తలుచుకుని అందరం రొట్టె పంచుకు తినడం. రొట్టె పళ్ళెం ఒక్కటే. ఆడవాళ్ళ వరస చివరిదాకా వచ్చి, నడవ దాటి మా వైపుకొస్తుంది. అటు చివరి కుర్చీ సిస్టరమ్మది, ఇటు మొదటి కుర్చీ నాది. తగువు తర్వాత వచ్చిన బల్లకి ఆమె రొట్టె తీసుకోకుండానే పళ్ళెం నాకందించింది. మరుసటి నెలా అంతే. అట్టా ఐదు నెలలు. తప్పు తెలిసొచ్చి తనకి తనే శిక్ష వేసుకుంది అనుకుని నేను దర్జాగా తిన్నాను.

ఒకరోజు లిఫ్టులో ఇద్దరమే పడ్డాం. ఉండబట్టలేక అడిగేశా.

"ఏం పాపం చేశావమ్మా, బల్ల మానేశావు?"

"మీ మనసులో నా మీద ముల్లుంది డ్రైవరుగారూ. అదుండగా నా చెయ్యి రొట్టె మీదికి పోదు."

"ముల్లు నాది. నొప్పి నీకేంటి?"

"గుచ్చుకున్న చోటు మీకు అందదయ్యా, పక్కవాళ్ళే తియ్యాలి. మీరేమో చూపించరు. అందుకే కూర్చున్నా."

"ఎంతకాలం కూర్చుంటావు?"

"మీకేం తొందర? ఆకలి నాది."

ప్రేమ మీద ప్రసంగాలు చాలా విన్నాను, చాలావాటికి కునికాను కూడా. కోపం నాదైతే పస్తు తను ఉండటం అప్పుడే చూశా. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాతి బల్లకి పళ్ళెం నడవ దాటి వచ్చింది. నేను చెయ్యి చాపలా. "ముందు నువ్వు తీసుకోమ్మా. నా మనసులో ఏం లేదు" అని గట్టిగానే అన్నాను. హాలంతా మా వైపు తిరిగింది. బల్ల దగ్గరున్న పాస్టరయ్యగారు కూడా తలెత్తి చూశారు.

"అంత అరుపేంటి? ఆ రోజు నేనే నయం, ఒక్క మాటే అరిచాను" అంది సిస్టరమ్మ. అంటూనే రొట్టె ముక్క తీసుకుంది.

ఆ తర్వాత వాక్యం చదివే వంతు వచ్చినప్పుడల్లా శనివారం సాయంత్రం వాళ్ళింటికెళ్ళి చదివి చూసుకునేవాణ్ణి. "చుక్క దగ్గర ఆగండి. ఎర్రలైటు దగ్గర కారు ఆపేవాళ్ళు కాదా?" అనేది. అల్లం టీ ఇచ్చేది, చక్కెర వెయ్యడం ఎప్పుడూ మరిచిపోయేది. నేను అడగలా, అట్టాగే తాగేవాణ్ణి.

ప్రతి బల్లకీ పళ్ళెం అందుకునే ముందు "తీసుకున్నావా అమ్మా?" అని మెల్లగా అడిగేవాణ్ణి. "తీసుకున్నా, కానియ్యండి" అనేది.

మొన్న మొదటి ఆదివారం ఆ చివరి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. పక్కావిడ ఆ కుర్చీ మీదుగా పళ్ళెం చాపింది. నాకు అందలేదు. లేచి నడవ దాటి వెళ్ళి పళ్ళెం పట్టుకున్నాను. ఆ ఖాళీ కుర్చీ వైపు చూసి, అలవాటుగా, "తీసుకున్నావా అమ్మా?" అన్నాను.

మా వరసవాళ్ళు పళ్ళెం కోసం చూస్తున్నారు. నేను ఇంకా అక్కడే నిలబడున్నాను.